లాంతరు గుర్తుకు రెండో ఓటు

పెనియాసిని తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు తరవాత వస్తుంది. చచ్చినవాడి మీద కోపమేమిటని మా ఆవిడ లచ్చమ్మ దెప్పుతుంది. దెప్పనీ. పన్నెండేళ్ళపాటు నా నోరు కట్టేసి, ముడి విప్పకుండానే పోయిన మనిషి మీద కోపం రాక ఏమొస్తుంది?

మిల్లుకు చెరకు మోసే చిన్న రైలు నడిపేవాడు. పట్టాలు మా పొలం గట్టునే పోతాయి. మా చెరకు కోత గ్యాంగు కనబడగానే రైలు నెమ్మది చేసి, కిటికీలోంచి సగం బయటకు వేలాడి అరిచేవాడు.

"ఒరే బావా! చెరకు కోస్తున్నావా, గడ్డి పీకుతున్నావా?"

"నీ రైలుకంటే మా ఎద్దు నయంరా! దానికి కాస్త సిగ్గయినా ఉంది, కొడితే నడుస్తుంది!"

పెనియాసి ఫిజీవాడు. వాళ్ళ భాషలో తవలే అంటే మేనబావ. తవలే వరస కలుపుకున్నవాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఉడుక్కోకూడదు. మా తాత విశాఖపట్నం వైపునుంచి చెరకు తోటల కూలికి గిర్మిట్ ఒప్పందపు కాగితం మీద వేలిముద్ర వేసి ఫిజీకి వచ్చినవాడు. బావ వరస మాకు ఒకరు నేర్పాలా? అతను నాకు బావ, అతని తల్లి ఉనైసి నాకు అత్త. పెనియాసి భార్య పెళ్ళయిన మూడేళ్ళకే పోయింది, పిల్లలు లేరు. నది ఒడ్డున వాళ్ళ ఊళ్ళో తల్లీ కొడుకూ ఇద్దరే ఒక ఇంట్లో ఉండేవాళ్ళు.

ఉనైసి అత్త నలభై ఏళ్ళు బా పట్టణం సంతలో పీతలమ్మింది. బురద పీతలను తీగతో కట్టి వరసగా పేర్చి, అవతలి వీధికి వినబడేలా అరిచేది. షుగరు జబ్బుతో కళ్ళు పోయాక సంత మానేసింది గాని, ఆ గొంతు మానలేదు. రహస్యం చెప్పినా పక్కింటి కుక్క లేచి మొరిగేది. "అత్తా, కాస్త మెల్లగా" అంటే, "మెల్లగా అంటే ఎలాగరా సామీ, నాకే వినబడదు" అనేది. నా పేరు అప్పల్సామి. ఆమెకు సామిని.

అప్పట్లో మాకు ఓటరు జాబితాలు మూడు. ఫిజీవాళ్ళది ఒకటి, మా ఇండియా రక్తం వాళ్ళది ఒకటి, మిగతావాళ్ళది ఒకటి. పుట్టుకను బట్టి జాబితా, జాబితాను బట్టి పార్టీ. వాళ్ళు తమ వంశాల పెద్దలైన దొరల పార్టీకి, మేము మా పార్టీకి. బిడ్డ బొడ్డు కోసేటప్పటికే వాడి ఓటు ఎవరిదో మంత్రసానికి తెలిసేది. "ఇండియావాళ్ళు గెలిస్తే మన భూమి లాక్కుంటారు" అని వాళ్ళను వాళ్ళ నాయకులు భయపెట్టేవాళ్ళు. "వాళ్ళు గెలిస్తే మనల్ని ఓడలెక్కిస్తారు" అని మమ్మల్ని మావాళ్ళు భయపెట్టేవాళ్ళు. అటూ ఇటూ నాయకులకు వేరే పని ఉండేది కాదు.

అలాంటప్పుడు మిల్లు పనివాళ్ళ సంఘం నుంచి కొత్త పార్టీ ఒకటి లేచింది. గుర్తు లాంతరు. అందులో అందరూ ఉండొచ్చన్నారు. పెనియాసి మొదటి రోజే పేరు రాయించుకున్నాడు.

"నీకెందుకురా బావా ఈ తలనొప్పి?" అన్నాను.

"బాయిలరు దగ్గర నేనూ మీవాడొకడూ ఒకే బకెట్టులో నీళ్ళు తాగుతాం. ఓటేసేటప్పుడు మాత్రం వాడు ఆ గదిలోకి, నేను ఈ గదిలోకి. నాకు నచ్చలేదు, అంతే."

మావాళ్ళకు పండగే అయింది. మా ప్రాంతానికి ఆ పార్టీ కార్యదర్శి సదాశివం, స్వయానా నా బావమరిది. ప్రతి సభలోనూ పెనియాసిని వేదిక మీద ముందు వరసలో కూచోబెట్టి, మందారాల దండ వేసి, "చూశారా, మనతో ఫిజీవాళ్ళు కూడా ఉన్నారు" అనేవాడు. ఫిజీవాళ్ళు అంటే అతనొక్కడే. సభ అయ్యాక వాళ్ళింట్లో టీ ఇచ్చారు. పెనియాసి తాగిన గ్లాసును సదాశివం పెళ్ళాం రెండు వేళ్ళతో పట్టుకుని, మిగతావాటితో కలపకుండా పెరటి గోడ మీద పెట్టింది. నేను చూశాను. పెనియాసీ చూశాడు. నేను తల తిప్పుకుని, ఆ ఏటి వానల గురించి ఏదో వాగాను. ఇప్పటికీ ఆ గ్లాసు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎనభై ఏడు ఏప్రిల్లో ఓట్లు. వాళ్ళ ఊరి బడిలోనే పోలింగు. ఉదయం అత్తను నా ట్రాక్టరు మీద ఎక్కించుకున్నాను. ఆమె మంచి గౌను వేసుకుని, తలకు కొబ్బరి నూనె రాసుకుని పెళ్ళికి పోతున్నట్టు కూచుంది. దారిలో నా భుజం మీద చరిచింది.

"సామీ, నేనూ లాంతరుకే వేస్తున్నా."

"ఎందుకత్తా? నీకు దొరలంటే భక్తి కదా?"

"భక్తి ఎక్కడికి పోతుంది? దొర దొరే. కాని లాంతరుకు ఒక్క ఓటే వచ్చిందనుకో, అది వీడిదేనని పాలు తాగే పిల్లకు కూడా తెలుస్తుంది. రెండొచ్చాయనుకో? రెండోది ఎవరిదబ్బా అని అందరూ బుర్రలు గోక్కుంటారు. వీడి జోలికి రారు."

"అమ్మా, మెల్లగా" అన్నాడు పక్కన నడుస్తున్న పెనియాసి.

ఆమె నవ్వింది. ఎంత తెలివిగా ఆలోచించానో అని మురిసిపోయింది. నాకూ తెలివైన మాటే అనిపించింది. ముగ్గురం నవ్వుకున్నాం.

కళ్ళు లేనివాళ్ళతో ఇంటిమనిషి ఒకరు లోపలికి వెళ్ళవచ్చన్నారు. పెనియాసి ఆమెను చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళాడు. దొరల పార్టీ తరఫున బల్ల దగ్గర ఎపరామా కూచున్నాడు. ఆ ఊళ్ళో దొర నేరుగా ఎవరితోనూ మాట్లాడడు, అతని మాట ఎపరామా నోట రావలసిందే. నేను బయట ట్రాక్టరు దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు. పెనియాసి ముఖం కాస్త పాలిపోయినట్టు అనిపించింది. ఎండేమో అనుకున్నాను.

ఆ పెట్టె విప్పి లెక్కపెడితే దొరల పార్టీ పడవ గుర్తుకు రెండు వందల పదకొండు, లాంతరుకు రెండు.

దేశంలో మాత్రం లాంతరు గెలిచింది. మా వీధుల్లో టపాసులు కాల్చారు, లడ్డూలు పంచారు. వాళ్ళ ఊళ్ళో ఆ పూట పొయ్యి కూడా వెలగనట్టు నిశ్శబ్దం. మరో నెలకు సైనికులు ముఖాలకు గుడ్డలు కట్టుకుని పార్లమెంటులోకి నడిచారు, ప్రభుత్వం పోయింది. లడ్డూలు పంచినవాళ్ళు తలుపులు వేసుకున్నారు. సదాశివం పార్టీ కాగితాలన్నీ కాల్చి, సిడ్నీలో ఉన్న తమ్ముడికి ఉత్తరం రాసుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో ఒంటరివాడైన పెనియాసి ఏమయ్యాడని అడిగినవాడు లేడు.

అతని ఊరు మొదటి ఓటును అంతగా పట్టించుకోలేదు. అది ఎవరిదో తెలిసిందే, వాడు మిల్లు గాలి సోకినవాడు, పిచ్చివాడు. కాని రెండోది ఎవరిది? తమలోనే ఉంటూ, చర్చిలో పక్కనే కూచుంటూ, ఒకే కొయ్య గిన్నెలో యంగోనా వేళ్ళు పిసికిన మత్తు నీళ్ళు తాగుతూ, లోపల లాంతరు దాచుకున్నవాడు ఎవడు? ఊరంతటికీ అదే పట్టుకుంది. బడి పంతులు సెమిని అనుమానించారు, అతనికి బయటి పుస్తకాలు చదివే అలవాటుందని. ఒకరోజు అతని కిటికీ అద్దాలు పగిలాయి. ఆ వారమే పెళ్ళాం పిల్లలతో వేరే దీవికి పోయాడు. అతను పడవకే వేశాడని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. తరవాత నర్సును అనుమానించారు, ఆ తరవాత ఎవరో కొత్త కోడలిని. అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. అత్త కట్టిన తెలివైన లెక్క ఇలా తిరగబడింది.

పెనియాసిని దొర ఇంటికి పిలిచి అడిగారు. చెప్పనన్నాడు. అప్పటినుంచి అతని గడపకు ఎవరూ రాకూడదని కట్టు పెట్టారు. నిప్పు అడిగితే ఇవ్వరు, పలకరిస్తే ముఖం తిప్పుకుంటారు. నలభై ఏళ్ళుగా పక్కన కూచుని చాపలల్లిన ఆడవాళ్ళు కూడా అత్త దగ్గరికి రాలేదు. ఆమె పొద్దస్తమానం వాకిట్లో కూచుని ఎవరి అడుగులైనా వినబడితే పేరు పెట్టి పిలిచేది. అడుగులు ఆగకుండా వెళ్ళిపోయేవి.

ఆగస్టులో, చెరకు కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆమెకు కాలి పుండు ముదిరింది. నేను ఆసుపత్రికి తీసుకెళ్ళాను, లాభం లేదని ఇంటికి పంపేశారు. మూడో రోజు పొద్దున పోయింది. పోయే ముందు ఒకటే మాట అడిగింది, గుట్ట మీద తన మొగుడి పక్కన పెట్టమని. ఆ గొంతు అప్పటికి నాకే సరిగా వినబడలేదు.

ఆ ఊరి గుట్ట మీద గొయ్యి ఎవరు పడితే వాళ్ళు తవ్వకూడదు. దానికి ఒక వంశం ఉంది. వాళ్ళు తవ్వాలి, బంధువులు చాపలు తేవాలి, దొర సరేననాలి. ఎపరామా ఊరి పొలిమేర దాకా వచ్చి, దాటకుండా నిలబడి, నాతో దొర మాట చెప్పాడు. "రెండో పేరు బయటపడేదాకా ఆ ఇంటి శవానికి గుట్ట మీద చోటు లేదు."

నేను పెనియాసి ఇంటికి పరిగెత్తాను. తల్లి పక్కన కూచుని ఈగలు తోలుతున్నాడు.

"చెప్పెయ్యరా బావా. ఆమెదేనని చెప్పెయ్యి. చచ్చిపోయిన ముసలామెను ఏం చేస్తారు?"

"ఏం చేస్తారా? గుట్ట ఎక్కనివ్వరు. దొరకు ఎదురు తిరిగిన మనిషి దొరల పక్కన ఎలా పడుకుంటుంది? బతికున్న నన్నే వదలని వాళ్ళు."

"పోనీ, మా పొలం చివర పెడదాం. మంచి చోటు. మామిడి నీడ ఉంది."

అతను ఆ పూట మొదటిసారి నవ్వాడు. "ఆ పొలం మాదేరా, కౌలు బావా. మా వంశం భూమి. దొర వేలు చూపిస్తే నువ్వే లేచి పోవాలి, మా అమ్మను ఎక్కడ పెడతావు?"

అతను లేచి, దూలానికి వేలాడుతున్న తిమింగలం పన్ను దించాడు. తల్లిని కోడలిగా అడగడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నవాళ్ళు ఇస్తే, తరవాత ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న పన్ను అది. తప్పు ఒప్పుకుని క్షమాపణ కోరేటప్పుడు వాళ్ళు అలాంటిదే చేత పట్టుకుని వెళ్ళాలి.

"సామీ, నేనొకటి చెప్పబోతున్నా. నువ్వు అడ్డం రాకూడదు. ఇవాళ కాదు, ఎప్పుడూ. అమ్మ మీద ఒట్టు వెయ్యి."

ఏమిటో తెలియకుండానే వేశాను. తెలివితక్కువ వెధవను.

మధ్యాహ్నం ఎండలో ఇద్దరం దొర ఇంటికి నడిచాం. యంగోనా వేళ్ళ కట్ట నేను మోశాను. దొర ఇంటి కింది గుమ్మం దగ్గరే నన్ను ఆపేశారు. అతను పన్ను పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి వెళ్ళాడు. గది నిండా మగవాళ్ళు. దొర పై చివర కూచున్నాడు, పక్కన ఎపరామా.

"రెండో ఓటు మా అమ్మ కాగితం మీదిది" అన్నాడు పెనియాసి తల ఎత్తకుండా. "ఆమె పడవ గుర్తు వెయ్యమంది. నేను లాంతరు వేశాను. కళ్ళు లేని తల్లిని మోసం చేశాను. ఆమెకు తెలియదు, తెలియకుండానే పోయింది. పాపం నాది."

గుమ్మంలోంచి అబద్ధం అని అరవడానికి నోరు తెరిచాను. అతను వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

గదిలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆ వెంటనే అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక ముసలాయన ఏడ్చాడు. ఎవరో పెనియాసి మీద ఉమ్మారు. ఎపరామా మాత్రం చాలాసేపు చాప వంక చూస్తూ ఉండిపోయాడు. తరవాత దొర వైపు వంగి విని, తల ఎత్తాడు.

"పన్ను తీసుకున్నాం. తల్లి కోసం తీసుకున్నాం, నీ కోసం కాదు. ఆమె మా మనిషి, ఇంటికి వస్తుంది. నువ్వు ఇక ఈ ఊళ్ళో అడుగు పెట్టకు."

ఆ సాయంత్రమే ఊరంతా కదిలింది. నాలుగు నెలలుగా ముఖం చాటేసిన ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డారు. "అయ్యో ఉనైసీ, కన్న కొడుకే నిన్ను ఇంత చేశాడా!" అని ఏడ్చారు. మంచి చాపలన్నీ తెచ్చారు. మర్నాడు గుట్ట మీద పాటలు పాడి పాతిపెట్టారు. పెనియాసి రైలు పట్టాల మీద నిలబడి, దూరంనుంచి చూశాడు. పక్కన నేనున్నాను. తల్లి మీద పిడికెడు మట్టి వేసే భాగ్యం కూడా లేకపోయింది.

"బాగా జరిగింది" అన్నాడు. "చాపలు ఎన్ని తెచ్చారో చూశావా?"

మిల్లు క్వార్టర్లలో ఒక గది ఇచ్చారు, అందులో ఉండిపోయాడు. రైలు నడిపాడు. మా పొలం దగ్గర నెమ్మది చేసేవాడు, అరిచేవాడు, కాని నవ్వు ముఖం వరకే. కథ మా వైపూ పాకింది. మున్సామి కొట్టు దగ్గర మావాళ్ళు యంగోనా తాగుతూ పెదవి విరిచారు. "తల్లినే మోసం చేశాడట. ఆ జాతే అంత. జంగ్లీలు." మందారాల దండలు వేసినవాళ్ళే ఇప్పుడు ఇలా మూతులు తిప్పారు. కొన్నేళ్ళకు లాంతరు పార్టీ మళ్ళీ లేచింది. సిడ్నీ నుంచి తిరిగొచ్చిన సదాశివం మళ్ళీ కార్యదర్శి. పెనియాసి తనంతట తనే వెళ్ళి, బల్ల దగ్గర కూచుంటానన్నాడు.

"నిన్ను పోలింగు దగ్గర కూచోబెడితే మన పరువేం కావాలి?" అన్నాడు సదాశివం, నా ఎదుటే. "ఓట్లు మార్చేవాడని వాళ్ళు అనరూ?"

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్ సదాశివం, నీకేం తెలుసని..." అన్నాను.

"బావా" అన్నాడు పెనియాసి మెల్లగా. అంతే. నా నాలుక కరుచుకున్నాను. అతను టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఓటుకు కూడా వెళ్ళలేదు.

తొంభై తొమ్మిది మొదట్లో, గోడల మీద మళ్ళీ లాంతర్లూ పడవలూ అతికిస్తున్న రోజుల్లో, గుండె ఆగి పోయాడు. రైలు షెడ్డులో మెట్టు మీద కూచుని, కూచున్నట్టే పోయాడు. నేను చాపా, యంగోనా కట్టా పట్టుకుని ఆ ఊరికి వెళ్ళాను. అతన్ని తల్లి పక్కన పెట్టాలి. నాకిక వేరే ఆలోచన లేదు. పాత దొర పోయాడు, కొడుకు దొరయ్యాడు. నోరు మాత్రం ఎపరామాదే. ముసలివాడయ్యాడు, తన ఇంటి అరుగు మీద ఒక్కడే కూచున్నాడు.

"తల్లిని మోసం చేసినవాడిని ఆ తల్లి పక్కన ఎలా పెడతాం సామీ?"

పోయిన అత్త మీద వేసిన ఒట్టు. అయినా నేనిక ఆగలేకపోయాను. "మోసం చెయ్యలేదు పెద్దయ్యా. ఆమే వేయించుకుంది. నా ట్రాక్టరు మీద, నాతో చెప్పింది. తల్లికి చోటు దొరకాలని నింద మీదేసుకున్నాడు. పన్నెండేళ్ళు మోశాడు. ఇప్పుడైనా దించండి."

ఎపరామా ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చేతికర్రతో నేల గీకుతూ కూచున్నాడు.

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆమె గొంతు నీకు తెలియదా? తెర వెనకనుంచి అరిచింది, 'పడవ కాదురా, లాంతరు, లాంతరు' అని. వీడు మెల్లగా అమ్మా అంటున్నాడు. బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను, మిగతావాళ్ళు గుమ్మం దగ్గర ఉన్నారు."

"తెలిసి కూడా? ఆ రోజు దొర ఇంట్లో, అంతమంది ముందు..."

"కొడుకు మోసగాడంటే ఊరు ఊపిరి పీల్చుకుంది సామీ. పీతలమ్ముకునే ముసలామె తన బుద్ధితో దొరను కాదందంటే, మర్నాటి నుంచి ఏ ఇంట్లో ఏ ముసలామెను నమ్ముతాం? అప్పటికే పంతులు పోయాడు. ఇంకా ఎందరు పోవాలి? వాడు ఒక దారి చూపించాడు. మేం నడిచాం."

"ఇప్పుడైనా చెప్పొచ్చుగా?"

"ఇప్పుడు చెబితే పన్నెండేళ్ళు నేను అబద్ధాలవాణ్ణి. పోయిన దొర అబద్ధాలవాడు. మళ్ళీ ఓట్లు వస్తున్నాయి. వెళ్ళు సామీ." నా చాప తీసుకోలేదు. యంగోనా కట్ట కూడా వెనక్కి నెట్టాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూస్తే నాకు ఇంకా మండింది.

నేను మాత్రం ఏం చేశాను? ఆ మాట మున్సామి కొట్టు దగ్గర నిలబడి అరవొచ్చు కదా. అరిస్తే ఉనైసి అత్తను గుట్ట మీదనుంచి తవ్వి తీస్తారేమోనని భయం. మా కౌలు కాగితం ఆ దొర సంతకంతో తిరగరాయాల్సిన ఏడాది అది, ఆ భయం కూడా ఉంది. ఉందని ఒప్పుకుంటున్నాను. తిరగరాశారు లెండి, ఇప్పటికీ ఆ పొలమే దున్నుకుంటున్నాను. ఆ రోజు చాప చంకలో పెట్టుకుని తిరిగొచ్చాను.

మిల్లు పట్టణం శ్మశానంలో, పనివాళ్ళకు కేటాయించిన మూల చోటు దొరికింది. గొయ్యి తవ్వడానికి ఆ వంశం వాళ్ళు లేరు, ఎవరు తవ్వితే ఏం? నేనూ మా గ్యాంగువాళ్ళు నలుగురూ తవ్వాం. అడుగున రాయి తగిలింది, పార దిగలేదు, మధ్యాహ్నం దాకా పట్టింది. ఒకచోట నడుం పట్టేసి పార ఆనుకుని నిలబడ్డాను. "ఒరే బావా, గొయ్యి తవ్వుతున్నావా, గడ్డి పీకుతున్నావా?" అని అడుగుతాడేమోనని కాసేపు అలాగే ఉన్నాను. తరవాత మళ్ళీ తవ్వాను.